జిప్పుకు మొహమాటం లేదు

(శ్రీకాకుళంలో కుట్టుపని నేర్చుకుంటున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లకి మరీ ప్రత్యేకంగా. అందరి ఒళ్లోనూ ముక్కల మూటలు కనిపిస్తున్నాయి, చాలా సంతోషం. ఇప్పుడే విప్పకండి. ముక్క గుడ్డలతో చిన్న జిప్పు సంచి ఎలా కుట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. కుట్టడం మీకు వచ్చు. జాకెట్టుకి చేతులు ఎక్కించగలిగినవాళ్లకి నాలుగు తిన్నని కుట్లు ఒక లెక్కా? అందుకని నేను మిషన్ జోలికి వెళ్లను. మిషన్ మీద కూర్చోకముందు బల్ల దగ్గర జరగాల్సిన పని గురించే మాట్లాడతాను. సంచి నిలుస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

చిన్న సంచులు ఎక్కడ పాడవుతాయో ఒకసారి గుర్తు చేసుకోండి. గుడ్డ చిరిగి పాడైనవి తక్కువ. జిప్పు మధ్యలో ఆగిపోతుంది. లేకపోతే జిప్పు పక్కన గుడ్డ అలలు అలలుగా లేస్తుంది. పక్క కుట్టు దగ్గర మందం పేరుకుని సూది విరుగుతుంది. ఒక్క ఉతుకు పడగానే పైగుడ్డ ముడుచుకుపోతుంది, లోపలి లైనింగ్ మాత్రం అలాగే ఉండి బొర్రలా వేలాడుతుంది. లోపల పోగులు లేచి, జిప్పుని తెరిచి మూసే రన్నర్‌లో ఇరుక్కుంటాయి. వీటిలో ఏ ఒక్కటీ మిషన్ తొక్కడం రాక వచ్చింది కాదు. గుడ్డని చూసుకోకుండా కత్తెర పెట్టడం వల్ల వచ్చినవే.

మరి మన అమ్మమ్మలు ముక్కలతో సంచులు కుట్టలేదా అంటారు. ఎందుకు కుట్టలేదు! రొండిన దోపుకునే వక్కల సంచి ముక్క గుడ్డదే. తాడు లాగితే మూతి బిగుసుకునేది. గుడ్డ కాస్త సాగినా, కాస్త ముడుచుకున్నా ఆ తాడు సర్దుకునేది. పాత చీరలతో కుట్టిన బొంత కూడా అంతే. ఒక మూల అంగుళం పొడుగైతే ఎవరికీ ఇబ్బంది లేదు, ఇంకో రెండు ఉతుకులకి అదే సర్దుకుంటుంది. జిప్పు అలాంటిది కాదు. అది తిన్నటి గీత. సాగదు, ముడుచుకోదు, మన కోసం సర్దుకోదు. జిప్పుకు మొహమాటం లేదమ్మా. ముక్కల సంగతి చూస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒకటి సాగుతుంది, ఒకటి ముడుచుకుంటుంది, ఒకటి పోగులు విడుస్తుంది, ఒకటి రంగు వదులుతుంది. ఇన్ని రకాల ముక్కల్ని జిప్పు దారికి తీసుకురావడమే తయారీ అంటే. నేను చెప్పే ప్రతి మాటా దీన్ని బట్టే వస్తుంది.

జిప్పు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనలో విట్‌కోంబ్ జడ్సన్ అనే ఆయన బూట్లు బిగించుకోడానికి కొక్కేల వరస ఒకటి పెట్టాడు. అది ఊరికే ఊడిపోయేది. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన గిడియన్ సండ్‌బ్యాక్ అనే ఇంజనీరు 1913లో కొక్కేలకి బదులు ఒకదాని సందులో ఒకటి కూర్చునే పళ్లు తయారుచేశాడు. దానికి 1917లో పేటెంటు వచ్చింది. ఇవాళ మనం వాడుతున్నది ఆ పద్ధతే. రెండు పట్టీలు, వాటి అంచున సమాన దూరంలో పళ్లు. రన్నర్ లోపల రెండు దారులు ఒకటిగా కలుస్తాయి. రెండువైపుల పళ్లనీ అది ఏటవాలుగా దగ్గరికి నెట్టి ఒకదానిలో ఒకటి కూర్చోబెడుతుంది. వెనక్కి లాగినప్పుడు దాని మధ్యలో ఉన్న మేకు లాంటి భాగం వాటిని విడదీస్తుంది. ఇదంతా జరగాలంటే ఎడమ పట్టీ, కుడి పట్టీ ఒకే పొడవులో, ఒకే బిగువులో ఉండాలి. ఎడమవైపు కుట్టిన గుడ్డ సాగే రకం, కుడివైపుది సాగని రకం అయిందనుకోండి, జిప్పు మూసేసరికి ఒక మూల పైకి, ఒక మూల కిందికి తేలతాయి. మీరు ఎంత నేర్పుగా కుట్టినా దాన్ని ఆపలేరు.

ఇప్పుడు ముక్కల దగ్గరికి వద్దాం. సంక్రాంతికి ముందూ, పెళ్లి ముహూర్తాలప్పుడూ కుట్టే ఇళ్లలో ముక్కలు గుట్టలు పడతాయి. అందరం ఏం చేస్తాం? ఎర్రవి ఒకవైపు, పచ్చవి ఒకవైపు వేసి, ఏ రంగు పక్కన ఏది బాగుంటుందో చూస్తాం. చూడ్డానికి సరదాగానే ఉంటుంది గానీ, నా మాట విని రంగు సంగతి చివరికి పెట్టుకోండి. ముందు గుణాన్ని బట్టి వేరుచేయండి. నూలు ఒక కుప్ప, పట్టు ఒక కుప్ప, పాలిస్టర్, జార్జెట్ లాంటివి ఒక కుప్ప, లెగ్గింగ్ గుడ్డలా లాగితే సాగేవి ఒక కుప్ప. ఈ ఆఖరి కుప్పని ఇవాళ్టికి పక్కన పెట్టేయండి. జిప్పు పక్కన అవి పనికిరావు.

చేత్తో పట్టుకుంటే నూలో పాలిస్టరో మీకు చాలావరకు తెలిసిపోతుంది. కలనేత గుడ్డల దగ్గరే ఇబ్బంది. అనుమానం వస్తే ముక్క అంచు నుంచి నాలుగు పోగులు లాగి, నీళ్లు పోసిన పళ్లెం పైన చిమటాతో పట్టుకుని వెలిగించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మిగిలింది వేళ్లతో నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. రెండు లక్షణాలూ కనిపిస్తే అది కలిపి నేసిన గుడ్డ. ఇదంతా ఎందుకంటే ఇస్త్రీ పెట్టె వేడి దీన్ని బట్టే పెట్టుకోవాలి. నూలుకి పెట్టే వేడి పాలిస్టర్ ముక్కకి పెడితే అది ముడుచుకుని పెట్టెకి అంటుకుపోతుంది. ప్లాస్టిక్ జరీ ఉన్న అంచుకీ అదే గతి.

తర్వాత బలం చూడాలి. కొత్త జాకెట్టు ముక్కలతో భయం లేదు. పాత చీరల ముక్కలతోనే జాగ్రత్త. ముక్కని రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగండి. పటుక్కుమంటే అది సంచికి పనికిరాదు. పాత పట్టుచీర పెట్టెలో మడతల మీద ఏళ్ల తరబడి ఉంటే ఆ మడత గీతల వెంట చిరిగిపోతుంది, మిగతా గుడ్డ మాత్రం గట్టిగానే ఉంటుంది. నూలు చీరలో కుచ్చిళ్ల కింది భాగం నేలకి రాసుకుని అరిగిపోతుంది. లోపల దోపుకునే కొస మాత్రం రంగు కూడా తగ్గకుండా ఉంటుంది. చీర అంతటినీ పారేయనక్కర్లేదు, ఎక్కడ కోయాలో తెలిస్తే చాలు.

ఇక తడపడం. ఇక్కడే చాలామంది తప్పించుకు తిరుగుతారు.

(సభలోంచి ఒకరు: “చిన్న సంచేగదమ్మా, దాన్ని ఎవరు ఉతుకుతారు?”)

మంచి మాటే అడిగావు తల్లీ. ఉతుకుతారు. అందులో చిల్లర వేసుకుంటారు, మాత్రలు వేసుకుంటారు, పిల్లలైతే పెన్సిళ్లు వేస్తారు. ఈ ఉక్కపోతలో చేతి చెమటా, తల నూనే అంటకుండా ఉంటుందా? పోనీ ఎవరూ ఉతకరనే అనుకుందాం. గుడ్డ బిగువుగా నిలవడానికి వెనక జిగురున్న క్యాన్వాస్ అతికించేటప్పుడు తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తాం కదా, నూలు అప్పుడే ముడుచుకుంటుంది. కోసిన తర్వాత ముడుచుకుంటే కొలత పోతుంది. కోయకముందు ముడుచుకుంటే నష్టమేమీ లేదు. చేనేత గుడ్డకి ఇది ఇంకా ముఖ్యం. నేసేటప్పుడు పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెడతారు. ఆ గంజి ఉన్నంతసేపు గుడ్డ బిరుసుగా, గట్టిదానిలా కనిపిస్తుంది. అది పోయాకే దాని అసలు మెత్తదనం తెలుస్తుంది, లోపల ఎంత మందం క్యాన్వాస్ వేయాలో తెలుస్తుంది.

చిన్న ముక్కల్ని బకెట్లో వదిలేసి పిండితే అంచులన్నీ పోగులు లేచి చిక్కుపడతాయి. పల్చటి దిండు గలీబులో వేసి మూతి కట్టి చల్లటి నీళ్లలో నానబెట్టండి. ముదురు రంగులు మాత్రం విడిగా. ఎరుపు, నీలం ముక్కలకి ఇంకో పరీక్ష ఉంది. తడి ముక్కని తెల్లటి పాత గుడ్డ మడతలో పెట్టి పైన ఇస్త్రీ పెట్టె నొక్కండి. తెల్లగుడ్డకి రంగు అంటితే ఇంకోసారి తడపాలి. అప్పటికీ అంటుతూ ఉంటే దాన్ని లేత రంగు ముక్క పక్కన మాత్రం పెట్టకండి. నీడలో ఆరేసి, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి. బాగా ఎండిపోయిన నూలుని తిన్నగా చేయడం కష్టం.

చేనేత అన్నాను కాబట్టి పొందూరు గురించి చెప్పకుండా వెళ్లలేను. మీలో ఇద్దరు ముగ్గురి మూటల్లో ఆ ఖద్దరు అంచు కనిపిస్తోంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి ఉండే సన్నటి పళ్ల వరస దూదిలోని నలుసునీ పొట్టి పీచునీ తీసేస్తుంది. ఆ తర్వాత రాట్నం మీద వడికే నూలు వంద కౌంటు దాకా వెళ్తుంది. కౌంటు అంటే ఏమిటో చెప్తాను. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువులో, అంటే సుమారు 454 గ్రాముల్లో, ఎన్ని చిలపలు తూగితే అన్ని కౌంటు. వంద కౌంటు అంటే ఆ కొద్ది బరువులోనే 84,000 గజాల నూలు. కిలోమీటర్లలో చెప్పాలంటే దాదాపు 77. అంత నూలూ చేత్తో వడికినదే, వడికేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇప్పుడు మీ మూటలో ఉన్న జానెడు ముక్కని ఒకసారి తలుచుకోండి. పంచె అంచు సరిచేసినప్పుడో, లాల్చీ కుట్టినప్పుడో మిగిలినది. దాన్ని మిషన్ తుడుచుకోడానికి వాడటం నాకు మనసొప్పదు. దాన్ని సంచిలో పెడితే దానికి తగ్గ శ్రద్ధతో పెట్టాలి. ముక్కల సంచి కదా ఎలా ఉంటే ఏం అనుకుని కుడితే, చూసేవాళ్లు కూడా ఆ ముక్కని అలాగే చూస్తారు.

పని మాటకి వస్తే, అంత సన్నటి ఖద్దరుకి రెండు గుణాలు. పల్చగా ఉంటుంది, కోసిన అంచు దగ్గర పోగులు తొందరగా విడుస్తుంది. ఆ విడిన పోగే రన్నర్‌లో ఇరుక్కుంటుంది. కాబట్టి ముక్క కోయకముందే వెనక పల్చటి ఫ్యూజింగ్ క్యాన్వాస్ అతికించండి, కొలత దాని మీద గీయండి. అప్పుడు పోగులన్నీ జిగురుకి అతుక్కుని ఉంటాయి, కత్తెర కూడా తిన్నగా పోతుంది. మామూలు పాప్లిన్ లాంటి గుడ్డకి ముందు కోసి తర్వాత అతికించినా ఫరవాలేదు.

పోగు దిశ గురించి మీకు తెలుసు, జాకెట్టు క్రాస్ కటింగ్‌లో రోజూ చూస్తూనే ఉంటారు. పడుగు వైపు గుడ్డ అన్నిటికంటే తక్కువ సాగుతుంది. పేక వైపు, అంటే అడ్డం పోగుల వైపు, కొంచెం సాగుతుంది. ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. జాకెట్టుకి ఆ సాగుడు మనకి కావాలి, జిప్పుకి వద్దు. జిప్పు వెంట వచ్చే అంచు పడుగు పోగు వెంట ఉండాలి. తానులో అయితే అంచు చూసి చెప్పేస్తాం. ముక్కలో అంచు ఉండదే! చంక దగ్గర కోసిన ముక్క ఒక ఆకారంలో ఉంటుంది, మెడ దగ్గరిది గుండ్రంగా ఉంటుంది. అప్పుడు ముక్కని రెండువైపులా లాగి చూడండి, తక్కువ సాగిన వైపు పడుగు. ఆ దిశలో ఒక్క పోగు పట్టుకుని మెల్లిగా లాగేయండి. గుడ్డ మీద సన్నటి ఖాళీ గీత ఒకటి ఏర్పడుతుంది. స్కేలు అక్కర్లేదు, ఆ గీత వెంట కోస్తే చాలు. పువ్వు బొమ్మ అందంగా ఉందని ఏటవాలు ముక్కే వాడాలనిపిస్తే వాడండి, కానీ వెనక క్యాన్వాస్ అతికించి దాని సాగుడు ఆపిన తర్వాతే.

క్యాన్వాస్ అతికించేటప్పుడు పెట్టెని గుడ్డ మీద రుద్దకండి. జిగురు చుక్కలు ఉన్న వైపు గుడ్డ వెనకకి ఆనించి, పైన పల్చటి తడిగుడ్డ పరిచి, పెట్టెని ఒకచోట పెట్టి నొక్కి, ఎత్తి, పక్కచోట పెట్టి నొక్కాలి. రుద్దితే లోపల జరిగి ముడతపడుతుంది. అతికించాక చల్లారేదాకా కదపకుండా వదిలేయండి. వేడి మీద ఎత్తితే జిగురు ఊడి వస్తుంది. స్పాంజ్ షీటు వేయాలనుకునేవాళ్లు దాన్ని నాలుగువైపులా అర అంగుళం తక్కువగా కోసుకోండి. కుట్టులోకి స్పాంజ్ వస్తే మూలలు గడ్డకడతాయి.

ఇక ముక్కల్ని అతకడం. ఒక్క ముక్కతో సంచి వైపు మొత్తం రావడం మన అదృష్టం. చాలాసార్లు మూడో నాలుగో కలపాలి. ఇక్కడ లెక్క చూసుకోండి. ప్రతి అతుకూ రెండు పావులు, అంటే అర అంగుళం గుడ్డ తింటుంది. తొమ్మిది అంగుళాల వెడల్పు కోసం నాలుగు పట్టీలు కలిపితే అతుకులు మూడు, పోయేది ఒకటిన్నర అంగుళం. అంటే పట్టీల వెడల్పు మొత్తం పదిన్నర ఉండాలి. నేనైతే ఇంకో అంగుళం ఎక్కువే పెట్టుకుని, అతికించి ఇస్త్రీ చేసిన తర్వాత ఆ మొత్తాన్ని ఒకే గుడ్డ అనుకుని కొలత పెట్టి కోస్తాను. ముక్కలు విడివిడిగా సరిగ్గా కోసి కలిపినదానికంటే ఇదే తిన్నగా వస్తుంది. పల్చటి దాన్ని పల్చటి దానితోనే కలపండి, జీన్స్ ముక్క పక్కన ఖద్దరు పెట్టకండి. లేత, ముదురు రంగులు కలిస్తే అతుకు గుడ్డని ముదురు వైపు పడుకోబెట్టి ఇస్త్రీ చేయండి, లేకపోతే పైకి నల్లటి నీడలా కనిపిస్తుంది. ముఖ్యంగా అతుకు పక్క కుట్టు దగ్గరికీ, అడుగు మూలలకీ రాకుండా చూసుకోండి. అక్కడ ఇప్పటికే బోలెడు పొరలు ఉంటాయి.

బొమ్మల గుడ్డ వాడేవాళ్లకి ఒక మాట. ముందు వెనక కలిపి ఒకే పొడుగు ముక్కని అడుగున మడిచి కుట్టారంటే, ఒక వైపు మామిడి పిందెలు నిలబడి ఉంటాయి, రెండో వైపు తలకిందులవుతాయి. రెండు ముక్కలుగా కోసి అడుగున కలపండి.

కొలతలు చెప్తాను, రాసుకోండి. అన్నీ అంగుళాల్లోనే. పైగుడ్డ రెండు ముక్కలు, ఒక్కోటి తొమ్మిది వెడల్పు, ఏడు ఎత్తు. లైనింగ్ రెండు ముక్కలు, అవే కొలతలు. ముక్కల అతుకులకీ, జిప్పు దగ్గరా పావు అంగుళం, మిగతా అన్ని కుట్లకీ అర అంగుళం వదులుతున్నాం. అడుగు మూలల్లో నాలుగు ముక్కలకీ ఒక్కో వైపు అంగుళం ఉన్న చతురస్రం తీసేయండి. కోసిన అంచు నుంచే కొలవాలి. అలా చేస్తే తయారైన సంచి అడుగు ఆరు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు వస్తుంది, ఎత్తు అయిదుంపావు ఉంటుంది. చిల్లర, మందుల చీటీ, కళ్లజోడు సుఖంగా పడతాయి. ముదురు గుడ్డ మీద గీయడానికి చాక్ లేకపోతే అరిగిపోయిన సబ్బు బిళ్ల వాడండి. గీత సన్నగా పడుతుంది, తడిస్తే పోతుంది. గుడ్డ కత్తెరతో కాగితం కోయవద్దని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

లైనింగ్ లేత రంగులో ఉండాలని నా పట్టుదల. నల్ల లైనింగ్ మాయదంటారు, నిజమే. కానీ బస్సులో కూర్చుని రూపాయి బిళ్ల కోసం చీకట్లో వెతకాల్సి వస్తుంది. పెద్దవాళ్లకి చూపు కూడా ఆనదు కదా. జాకెట్టుకి వేసే టూ బై టూ గానీ, పాప్లిన్ గానీ తీసుకోండి. పాత దుప్పటిలో అరగని భాగం కూడా బాగుంటుంది. దాన్ని కొత్తగా తడపనక్కర్లేదు, ఎన్నో ఉతుకులు చూసి ఉంటుంది.

జిప్పు కొనడం. జీటీ రోడ్డులో మ్యాచింగ్ షాపుకి వెళ్తే ముందు రంగు చూపిస్తారు. మీరు ముందు నంబరు అడగండి. చిన్న సంచికి మూడో నంబరు చాలు, కాస్త పెద్దదానికి అయిదు. నంబరు పెరిగేకొద్దీ మూసిన పళ్ల వరస వెడల్పు పెరుగుతుంది. మీటరు లెక్కన అమ్మే నైలాన్ జిప్పు కొనండి. రన్నర్లు విడిగా ఇస్తారు. పట్టీ నంబరూ రన్నర్ నంబరూ ఒకటే అయి ఉండాలి, అక్కడే ఎక్కించి లాగి చూసుకోండి. నైలాన్ జిప్పుని కావలసినచోట మామూలు కత్తెరతో కోయొచ్చు, పళ్ల మీదనుంచి కుట్టు కూడా వేయొచ్చు. లోహపు పళ్ల జిప్పు మీద సూది పడితే విరిగి కంట్లోకి ఎగురుతుంది. పైగా మనది సముద్రపు గాలి, కళింగపట్నం వైపు వాళ్లకి నేను చెప్పాలా, లోహం నల్లబడిపోతుంది. గుండు సూదులు కూడా గుడ్డలో గుచ్చి రోజుల తరబడి వదలకండి, తుప్పు మరక పోదు.

జిప్పుని ఏడున్నర అంగుళాలు కోయండి. సంచి వెడల్పు తొమ్మిది కదా, తొమ్మిదీ ఎందుకు వద్దంటున్నానంటే, పళ్లు పక్క కుట్టులోకి వెళ్తే అక్కడే మందం పేరుకుంటుంది. సంచి తిరగేశాక ఆ మూలలు లోపలికి నొక్కుకుపోతాయి. రెండు కొసలకీ చిన్న గుడ్డ ముక్కలు మడిచి తొడగండి. ఒక్కో కొసన పావు అంగుళం జిప్పు ఆ ముక్క లోపలికి వెళ్తుంది. బయటికి కనిపించే జిప్పు ఏడు, అటు ఒకటి ఇటు ఒకటి గుడ్డ, మొత్తం తొమ్మిది. పక్క కుట్టులోకి ఆ మెత్తటి గుడ్డ మాత్రమే పోతుంది. రన్నర్‌ని ఈ ముక్కలు తొడగకముందే ఎక్కించాలి. ఎక్కించిన వెంటనే రెండు కొసల్లోనూ పళ్ల మీద చేత్తో నాలుగు కుట్లు వేయండి, లేకపోతే రన్నర్ ఊడి చేతిలోకి వస్తుంది. దాన్ని మధ్యలోనే ఉంచండి. చివర్లో పక్కలు కుట్టే ముందు జిప్పు సగం తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసి కుట్టేస్తే సంచి తిరగేయడానికి దారి ఉండదు. నైలాన్ పళ్ల మీద వేడి పెట్టె ఆనించకండి.

మిషన్ దగ్గర కొంచెమే ఉంది. సూది మార్చండి. మామూలు నూలుకి పద్నాలుగు నంబరు, సన్న ఖద్దరుకి పదకొండు, జీన్స్ ముక్కకి పదహారు. పాలిస్టర్ దారం వాడండి, జిప్పు దగ్గర లాగుడు ఎక్కువ. కింది దారం ఉండే బాబిన్ నిండా చుట్టి ఉంచుకోండి. జిప్పు కుట్టు మధ్యలో దారం అయిపోతే అతుకు అక్కడే బలహీనపడుతుంది. గుడ్డని నొక్కిపట్టే పాదం తీసి, ఒకవైపే కాలున్నది పెట్టుకోండి. అది లేకుండా పళ్ల దగ్గరిదాకా కుట్టు వేయలేరు. ఆ తర్వాత పైగుడ్డ, క్యాన్వాస్, లైనింగ్ మిగులు ముక్కల్ని అదే వరసలో పేర్చి, మధ్యలో మిగిలిన జిప్పు తుంపు పెట్టి ఒక జానెడు కుట్టి చూడండి. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. కింద ఉచ్చులు వస్తున్నాయా, గుడ్డ ముడుచుకుంటోందా చూడండి. దారం బిగువు, అదే టెన్షన్, సరిచేసుకోవాల్సింది ఈ తుంపు మీదే. సంచి మీద సరిచేస్తాను అనుకుంటే విప్పిన కుట్టు చిల్లులు పొందూరు గుడ్డ మీద అలాగే ఉండిపోతాయి. మొదటిసారి కుట్టేవాళ్లు జిప్పుని గుండు సూదులతో వదిలేయకుండా కచ్చా కుట్టు వేసుకోండి. అయిదు నిమిషాల పని, పట్టీ ఒక్క నూలు కూడా జరగదు.

(సభలోంచి మరొకరు: “ఇదంతా చేస్తే ఒక్క సంచికే పూట పోద్ది గదమ్మా. అమ్మితే ఏటి మిగుల్తాది?”)

ఒక్క సంచికి చేస్తే పూట పోతుంది అప్పా, కాదనను. అందుకే ఒక్కదానికి చేయకండి. తడపడం, ఇస్త్రీ, క్యాన్వాస్ అతికించడం ఒక రోజు పెట్టుకుని, మూట మొత్తానికి ఒకేసారి చేయండి. కోయడం ఇంకో రోజు. ఒక్కో సంచికి పైగుడ్డ రెండు, లైనింగ్ రెండు, జిప్పు, కొస ముక్కలు కలిపి మడిచి దారంతో కట్టి డబ్బాలో పెట్టుకోండి. పొయ్యి మీద అన్నం ఉడికే లోపు ఒక కట్ట తీసి జిప్పు ఒకవైపు కుట్టేసుకోవచ్చు. అమ్మేటప్పుడు కూడా బల్ల దగ్గర గడిపిన సమయాన్ని కలిపి ధర చెప్పండి. గుడ్డ ఉచితంగా వచ్చింది కదా అని తగ్గించి చెప్పొద్దు. గుడ్డ ఉచితమే, వేరుచేసిన చెయ్యి ఉచితం కాదు.

సరే, ఇప్పుడు మూటలు విప్పండి. రంగులు చూడకుండా కుప్పలు పోయండి. ఇస్త్రీ పెట్టెలు రెండే ఉన్నాయి కాబట్టి ఖద్దరు ముక్కలున్నవాళ్లు ముందు రండి, వాటికే ఎక్కువ సమయం పడుతుంది. పాత చీరలు తెచ్చినవాళ్లు కిటికీ వైపు కూర్చోండి. వెలుతురులో పట్టుకుంటే అరిగినచోటు తెలిసిపోతుంది. జిప్పు కొనుక్కొచ్చినవాళ్లు రన్నర్ ఎక్కించి ఒకసారి లాగి చూసుకోండి, కదలకపోతే నా దగ్గరికి తీసుకురండి.